పడవలో వెళ్ళాను, పడవలోనే వచ్చాను

ఈ ఏడు ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున్న ఐదున్నరకి, న్యూజిలాండ్ దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్‌లో మా అమ్మాయి జ్యోతి ఇంటి ముందు, మా ఇద్దరికీ ఆఖరి గొడవ జరిగింది. నేను సంచి భుజాన వేసుకుని కారు దగ్గర నిలబడ్డాను. తాళం తన చేతిలో ఉంది.

"అరవై ఏడేళ్ళమ్మా నీకు. ఈత కూడా రాదు" అంది.

"ఈదడానికెల్తన్నానేటి? పడవ మీద ఎల్తన్నాను" అన్నాను.

తాళం తిప్పింది. బ్లఫ్ రేవుకి అరగంట దారి.  

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందే చెప్పేస్తాను. నేను విశాఖపట్నం దాటాక ఉన్న ఒక చేపలపేటలో పుట్టి, అక్కడే పెళ్ళి చేసుకుని, యాభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మాను. మా పేటలో ఆడది పడవ ఎక్కదు. ఎక్కితే గంగమ్మకి కోపం వస్తుందట, వలలో చేప పడదట. నాకు పదహారేళ్ళప్పుడు, మా ఆయన గంజికుండ మరిచిపోతే, మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి అందించబోయాను. అల వెనకనుంచి కొట్టింది. పడకుండా ఒక కాలు పడవలో వేశాను. ఒకటే కాలు. ఆ రోజు వల ఖాళీగా వచ్చింది. పడవని పసుపునీళ్ళతో కడిగి కోడిని కోశారు. ఆ కోడి నేను పెంచినదే.

ఆ తర్వాత వల ఎన్నిసార్లు ఖాళీగా వచ్చిందో లెక్కలేదు. ఆ రోజులన్నిటా నా కాళ్ళు రెండూ ఒడ్డునే ఉన్నాయి. ఎవరూ ఏ కోడినీ కోయలేదు.

మా ఆయన పోయాక జ్యోతి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. తను ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదవడానికి వచ్చి, ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుని ఉండిపోయింది. ఈ ఊళ్ళో చలి ఎక్కువ, మనవాళ్ళు తక్కువ. ఊరికే కూర్చోలేక నేను పెరట్లో బట్టల తీగ మీద చేపలు ఎండబెట్టాను. మూడో రోజు పక్కింటావిడ కంచె మీదనుంచి తొంగిచూసింది. పేరు మార్గరెట్. అరవై నాలుగేళ్ళుంటాయి. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. వాసనకి పోట్లాటకి వచ్చిందనుకున్నాను. మర్నాడు బకెట్టుతో బ్లూ కాడ్ చేపలు తెచ్చింది, తను పట్టినవే. నేను కత్తిపీట ముందు కూర్చుని ఆవిడ టీ తాగేలోపు అన్నీ కోసి ఇచ్చేశాను. ఆవిడ నా చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆవిడకి ముప్పై రెండు అడుగుల తెరచాప పడవ ఉంది. ప్రతి వేసవిలోనూ బ్లఫ్ నుంచి జలసంధి దాటి స్టీవర్ట్ ద్వీపానికి వెళ్ళి, తూర్పు ఒడ్డంట రేవు రేవుకీ ఆగుతూ ఐదు రోజులు తిరిగి వస్తుంది. ఈసారి వస్తావా అని జ్యోతి చేత అడిగించింది. జ్యోతి నా తరఫున వద్దు అని చెప్పబోతే నేను మధ్యలోనే తల ఊపేశాను.

ఆవిడ ఒక షరతు పెట్టింది. తన పడవలో చుట్టాలు ఉండరు, పనివాళ్ళే ఉంటారు. పని చెయ్యలేని వాళ్ళని మొదటి రేవులో దించేస్తుంది, వాళ్ళు ఫెర్రీ ఎక్కి ఇంటికి రావాలి. సరే అన్నాను. నాకున్న పట్టుదల కూడా ఒకటే. పడవలో వెళ్ళినదాన్ని పడవలోనే తిరిగి బ్లఫ్‌లో దిగాలి.

ఆరూ ఐదుకి రేవులో దిగాం. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి నాకూ మార్గరెట్‌కీ మధ్య మాట తిప్పడానికి సురేష్ వచ్చాడు. కరీంనగర్ పక్క అబ్బాయి, ముప్పై నాలుగేళ్ళు, ఇక్కడ కార్ల వర్క్‌షాపులో మెకానిక్కు. జ్యోతిని అక్కా అంటాడు. పడవ ప్రయాణం అంటే సరదాపడి సెలవు పెట్టాడు.

మార్గరెట్ సామాను లోపల సర్దుతుంటే నేను నా పని చేశాను. కొత్త పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు మా మగాళ్ళు చేసేదే. పసుపు ముద్ద తడిపి, పడవ మూతికి రెండు వైపులా మూడేసి వేళ్ళ పట్టీలు గీసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి నీళ్ళలో వేశాను. ఆ పని కూడా నా జన్మలో చేతికి రాలేదు కాబట్టి కొంచెం ఎక్కువే పూశాను.

"ఆంటీ, ఏం జేస్తున్నవ్? గది తెల్ల పెయింటు" అన్నాడు సురేష్. పెయింటు సంగతి వాడికి తెలుసు.

వాడు సబ్బు నురగ తెచ్చి రుద్దాడు. పసుపు పోలేదు సరికదా ఎర్రబడింది. మా పేటలో పడవలు తారు పూసిన నల్లటి కొయ్యవి, ఎంత పసుపైనా మింగేస్తాయి. ఇది పింగాణీ పళ్ళెంలాంటి పడవ. మూతికి దెబ్బ తగిలి నెత్తురు కారినట్టు తయారైంది. మార్గరెట్ వచ్చి చూసింది.  తర్వాత ఇంగ్లీషులో చిన్నగా ఏదో అంది.

"ఆమె ఏమంటుందంటే, నీళ్ళు ఎనుకకు గుంజుడు మొదలైందట, ఇప్పుడు టైం లేదట. ఇంకేం ముట్టకు అంటుంది ఆంటీ."

సముద్రం వెనక్కి తీసే పాటు సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రేవులో నీళ్ళు ఏరులా పరుగెత్తుతాయి. పాటు వెంట బయటికి పోవాలి, ఎదురు పోతే ఇంజను మూలుగుతుంది. ఏడూ పదికి తాళ్ళు విప్పాం. లైఫ్ జాకెట్టు నా నడుముకి బిగించి, దానికో తాడు కట్టి, ఆ తాడు కొసని పడవకి తగిలించింది మార్గరెట్. చీర ఇంట్లోనే వదిలేశాను. జ్యోతి ఉన్ని ప్యాంటు, పైన వానకోటు. జ్యోతి మాట నేను విన్నది అదొక్కటే. వెళ్ళేవాళ్ళు మీరు కూడా వినండి. అక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి, అయినా గాలి ఎముకలోకి దిగుతుంది.

జలసంధి పేరు ఫోవో. లోతు తక్కువ, పడమటి నుంచి వచ్చే పెద్ద సముద్రమంతా ఆ ఇరుకులో దూరాలి. అందుకని అలలు పొడుగ్గా రావు, పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తాయి. ఎనిమిదింటికి తెరచాప ఎత్తాం. ఇంజను ఆపగానే వచ్చే చప్పుడు నాకు కొత్త. ఒడ్డున నిలబడి యాభై ఏళ్ళు విన్న సముద్రం కాదది. ఒడ్డున సముద్రం అరుస్తుంది. మధ్యలోకి వెళ్తే పడవతో గుసగుసలాడుతుంది.

అది విని మురిసిపోతూ ఉండగా, తొమ్మిదింబావుకి కడుపులో తిరిగింది. గంగమ్మ బిడ్డలం అని చెప్పుకునే జాతి మాది. అంచు పట్టుకుని రెండుసార్లు కక్కాను. సముద్రపు గాలి పీల్చి బతికినదానికి సముద్రం పడలేదంటే ఎంత సిగ్గో చెప్పలేను. కానీ కిందికి వెళ్ళి పడుకోలేదు. మూతి కడుక్కుని, అల్లంముక్క బుగ్గన పెట్టుకుని, చూపు అవతలి కొండ మీద నిలిపాను. పదకొండు అయ్యేసరికి కడుపు దారికొచ్చింది. ఒక తెల్ల పక్షి, రెక్కలు చాపితే మనిషి కంటే వెడల్పు, రెక్క కదపకుండా మా పక్కనే చాలాసేపు వచ్చింది.

సురేష్ సంగతి వేరు. ఎనిమిదిన్నరకి మొదలై రేవు చేరేదాకా ఆగలేదు. కింద బల్ల మీద బకెట్టు కౌగిలించుకుని పడుకుని, మధ్యలో ఒకసారి తల ఎత్తి "ఆంటీ, సచ్చిపోతే బాడీని హైదరాబాద్ పంపియ్యండి" అన్నాడు. కరీంనగర్ అనడానికి కూడా ఓపిక లేదు.

పన్నెండూ నలభైకి హాఫ్‌మూన్ బే చేరాం. పచ్చటి కొండల మధ్య అర్ధచంద్రంలా వంపు తిరిగిన నీళ్ళు, ఒడ్డున ఓబన్ అనే ఊరు. ఊరంటే నాలుగు వీధులు, ఒక దుకాణం, ఒక హోటలు. ఫెర్రీ వచ్చేదీ పోయేదీ ఇక్కడికే. గంటలో బ్లఫ్ చేరుస్తుంది, టికెట్టు నూరు డాలర్ల దాకా ఉంటుంది. మేం అక్కడ పడవలు కట్టే చెక్క వార్ఫ్ మీద చేపా బంగాళాదుంప వేపుళ్ళు తిన్నాం. మేమంటే నేనూ మార్గరెట్. సురేష్ బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు. అక్కడ సిగ్నలు ఉంది. వాడు పడుకునే నన్ను పడవ ముందు నిలబెట్టి ఫోటో తీసి జ్యోతికి పంపాడు. జ్యోతి దాన్ని మా చుట్టాల గ్రూపులో పెట్టింది.

మూడింటికి మార్గరెట్ మా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టింది. సురేష్ ముందే చెప్పేశాడు, "నాతోని కాదు, రేపు ఫెర్రీల పోత" అని. ఆవిడ తల ఊపి, నా వైపు చూపించి, నేను కూడా అన్నట్టు రెండు వేళ్ళు చూపించింది.

సురేష్ చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు. "ఆంటీ, నువ్వు మంచిగనే ఉన్నవంటుంది. వాంతులు లెక్కల్లేవట. కానీ నేను పోయినంక ఇద్దరి మధ్యల మాట చెప్పేటోళ్ళు లేరు. తాడు విడువు అంటె నువ్వు విడవకపోతే వేళ్ళు పోతయట. మాట తెలవని మనిషిని తీస్కపోనంటుంది."

ఆవిడ మాటలో తప్పు లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. తప్పుడు మాటైతే తిట్టి పారేసేదాన్ని. ఆడదానివని ఆపితే ఒక జవాబు, ముసలిదానివని ఆపితే ఇంకో జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఇంగ్లీషు రాదని ఆపితే ఏం చెప్పాలి?

"నువ్వు కూడ రా ఆంటీ. లేకుంటే జ్యోతక్క నన్ను చంపుతది" అన్నాడు సురేష్.

"పడవ నడపడానికి ఆవిడకి ఎన్ని మాటలు కావాలో అడుగు" అన్నాను.

"ఏంది?"

"లెక్క అడగరా. పదా, వందా?"

వాడు అడిగాడు. మార్గరెట్ వేళ్ళు మడుస్తూ, పెదాలు కదుపుతూ, మొదట పన్నెండు అంది, మళ్ళీ ఆలోచించి పదిహేడు అంది.

పదిహేడు మాటలు. నేను నా యాభై మూడో ఏట, మా పేట తుఫాను షెల్టర్లో పెట్టిన సాయంత్రం బడిలో యాభై ఆరు అక్షరాలు నేర్చుకున్నాను. గుణింతాలు వేరే. పదిహేడు మాటలకి జడిసి ఫెర్రీ ఎక్కాలా? రేపు పొద్దున్న దాకా టైమివ్వమను, ఫెర్రీ వెళ్ళేలోపు నన్ను పరీక్ష చెయ్యమను, తప్పితే నోరు మూసుకుని దిగిపోతాను అని చెప్పించాను. ఆవిడ భుజాలు ఎగరేసింది. అది ఒప్పుకోవడమే.

ఫిబ్రవరిలో అక్కడ రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు. సురేష్‌ని బెంచీ మీదనుంచి లేవదీసి పడవ పక్కన వార్ఫ్ మీద కూర్చోబెట్టాను. వాడు మళ్ళీ పడవలోకి అడుగు పెట్టనన్నాడు. మార్గరెట్ ఒక్కో మాట అంటుంది, వాడు దాని పని చెబుతాడు, నేను తెలుగక్షరాల్లో రాసుకుంటాను. పుల్ అంటే లాగు. ఈజ్ అంటే కొంచెం కొంచెంగా వదులు. లెట్ గో అంటే మొత్తం వదిలెయ్. డక్ అంటే తల వంచు, తెరచాప కింది అడ్డకర్ర తల మీదుగా పోతుంది. టర్న్ అంటే తాడుని, తాళ్ళు బిగించే గుండ్రటి ఇనపడోలుకి చుట్టు. రాసిన ప్రతి మాటకీ లేచి వెళ్ళి ఆ తాడునో కర్రనో ముట్టుకుని వచ్చాను. నాకు అలాగైతేనే ఎక్కుతుంది. బడిలో కూడా చ అక్షరం చేపతోకలా ఉందని చెబితేనే వచ్చింది.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి మార్గరెట్ సురేష్‌ని ఒడ్డునే ఉంచి పడవని బే మధ్యకి తీసుకెళ్ళింది. చేత్తో సైగ చెయ్యనని చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది, చుక్కాని కర్రని తొడతో పట్టుకుంది. ఇక మొదలుపెట్టింది. స్కూలు బస్సులో నలభై మంది పిల్లల్ని అదుపు చేసిన గొంతు అది. పుల్ అంది, లాగాను. హోల్డ్ అంది, పట్టాను. డక్ అన్నప్పుడు ఆవిడ మాట ముందో నా తల ముందో తెలియలేదు. పన్నెండు మాటలు అలా దొర్లిపోయాయి.

పదమూడోది ఈజ్. చెవిన పడింది గానీ మనసులో అచ్చు పడలేదు. తాడు చేతిలో బిగుసుకుని ఉంది. వదలాలా లాగాలా? ఊహించి ఏదో ఒకటి చేసెయ్యొచ్చు. సగం సగం అవకాశం. నేను తాడుని డోలు మీద అదిమిపట్టి, రెండో చెయ్యి ఎత్తి "స్టాప్" అన్నాను. నడుముకి కట్టుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి కాగితం తీసి, వేలు పెట్టి చదువుకుని, కాగితం మళ్ళీ లోపల పెట్టి, తాడుని కొంచెం కొంచెంగా వదిలాను.

ఆవిడ మిగిలిన నాలుగు మాటలు అడగనే లేదు. పడవని ఒడ్డుకి తిప్పింది.

వార్ఫ్ మీద సురేష్‌తో చాలాసేపు చెప్పింది. వాడు నాకు తిప్పి చెప్పాడు. "ఆమెతోని వచ్చిన మొగోళ్ళు తెలవకున్నా తెలుసన్నట్టు చేసి రెండు తెరచాపలు చింపిండ్రట ఆంటీ. తెలవదని చెయ్యి ఎత్తినోళ్ళని ఇప్పుడే చూస్తున్ననంటుంది. నువ్వుండు అంటుంది."

ఫెర్రీకి లైన్లో నిలబడి వాడు అడిగాడు, "జ్యోతక్కకు నేనేం జెప్పాలె?"

"నిజమే సెప్పు. నువ్వు దిగిపోనావు, నాను దిగనేదని సెప్పు" అన్నాను.

తొమ్మిదిన్నరకి వాడి ఫెర్రీ అటు పోయింది, పదింటికి మేం ఇటు పోయాం.

ఆ రోజు పాటర్సన్ ఇన్‌లెట్ అనే, సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన పెద్ద కయ్యలోకి వెళ్ళాం. లోపల నీళ్ళు చెరువులా ఉంటాయి. మధ్యలో ఉల్వా అనే చిన్న ద్వీపం. దిగేముందు బూటు అడుగులూ సంచులూ దులుపుకోవాలి, ఎలకలు గానీ గింజలు గానీ మనతో పోకూడదు. ఎలకలు లేవు కాబట్టి పక్షులకి భయం లేదు. నేను బూటుతో మట్టి కెలికితే, పురుగుల కోసం ఒక బూడిదరంగు పిట్ట వచ్చి బూటు మీదే వాలింది. సాయంత్రం లంగరు వేశాక మార్గరెట్ డబ్బా సూపు, రొట్టె పెట్టింది. ఉప్పు తప్ప ఏ రుచీ లేదు. ఏమీ అనలేదు, తిన్నాను.

శనివారం తొమ్మిదింటికి బయటికి వచ్చి దక్షిణంగా పోర్ట్ అడ్వెంచర్ అనే రేవుకి. నాలుగు గంటల దారి, గాలి అనువుగా ఉంది. మార్గరెట్ నా చేతికి చుక్కాని కర్ర ఇచ్చింది. కర్రని కుడికి నెడితే పడవ ఎడమకి పోతుంది. మొదటి అరగంట పాము నడకే. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చింది. మా ఆయన తన తమ్ముడు అప్పలరాజుకి పడవ నేర్పుతూ, గాలిని కంటితో చూడకురా, చెవితో పట్టు, అనేవాడు. నాకు చెప్పినది కాదు. వాళ్ళ పక్కన కూర్చుని వల సర్దుతూ విన్నాను. టోపీ ఒక చెవి మీదనుంచి పైకి లాగాను. గాలి ఆ చెవికి తగిలే చోట తగులుతూ ఉంటే పడవ తిన్నగా పోతుంది. మార్గరెట్ వెనక్కి తిరిగి మేం గీసిన నురగ గీత చూసింది, తిన్నగా ఉంది. "గుడ్" అంది. ఆ మాట పదిహేడింట్లో లేదు.

మధ్యాహ్నం లంగరు వేసి గేలం వేశాం. మనిషికి ఇన్నే పట్టాలని లెక్క ఉంది, అంతకు మించి ఒక్కటి కూడా ఉంచుకోనివ్వదు ఆవిడ. నేను చింతపండు, కారం వెంట తెచ్చుకున్నాను. చిన్న గ్యాసు పొయ్యి మీద పులుసు పెట్టాను. పసుపు వెయ్యబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పడవ గోడలకేసీ గిన్నెకేసీ చూపించి, గిన్నెలో మాత్రమే అన్నట్టు వేలు ఆడించింది. ఇద్దరం నవ్వుకున్నాం. మూతి మీద మరక అప్పటికే ఎండకి సగం వెలిసింది. ఆవిడ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రెండుసార్లు వడ్డించుకుంది.

ఆదివారమంతా వాన. కదలలేదు. ఆవిడ పుస్తకం చదువుకుంది, నేను ఈ ప్రయాణం సంగతులు రాసుకున్నాను. భాష లేని ఇద్దరు ఆడవాళ్ళు చిన్న గదిలో పన్నెండు గంటలు పోట్లాడుకోకుండా ఉండగలరు. భాష ఉంటే చెప్పలేను.

సోమవారం తెల్లవారి ఐదున్నరకి లంగరు ఎత్తాం. నేరుగా బ్లఫ్‌కి, ఏడెనిమిది గంటలు. రేడియోలో వాతావరణం విని ఆవిడ మొహం చిట్లించింది. పడమటి గాలి మధ్యాహ్నానికి పెరుగుతుందని నాకూ తెలిసింది. మబ్బు అంచు చింపిరిగా ఉంటే గాలి వస్తుందనేది ఏ సముద్రం దగ్గరైనా ఒకటే. హాఫ్‌మూన్ బే దాటుతుంటే ఆవిడ ఆ ఊరి వైపు చూపించి, నా వైపు చూసి, కనుబొమలు ఎత్తింది. దిగుతావా అని అడగడం అది. నేను బ్లఫ్ వైపు చెయ్యి చాపాను.

పదిన్నరకి జలసంధి మధ్యలో గాలి మీద పడింది. పడవ ఒక పక్కకి ఒరిగి అంచు నీళ్ళలోకి దిగింది. ఆ గాలికి తెరచాప మరీ పెద్దదైపోయింది, కిందికి దించి సగం మడిచి కట్టాలి. ఆ పని స్తంభం దగ్గర నిలబడి రెండు చేతులతో చెయ్యాలి. ఆ సేపు వెనక ఒకరు ఇంజను మీద పడవ మూతిని సరిగ్గా గాలికి ఎదురుగా పట్టుకోవాలి. పక్కకి జారితే తెరచాప నిండి అడ్డకర్ర ఆవిడ తలని కొడుతుంది. ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు ఏదో యంత్రం కట్టుకుని చేసుకుంటుందని తర్వాత జ్యోతి చెప్పింది. ఆ రోజు కర్ర నా చేతికిచ్చి, నా కళ్ళలోకి చూసి, "హోల్డ్" అంది. తాడు తగిలించుకుంటూ మోకాళ్ళ మీద ముందుకి పాకింది.

ఈసారి గాలి రెండు చెవులకీ సమంగా తగలాలి. టోపీ తీసి కాళ్ళ కింద పడేశాను. అల వచ్చినప్పుడల్లా మూతి పక్కకి పోబోతుంది, పోకముందే కర్ర నెట్టాలి. పోయాక నెడితే ఆలస్యం. ఉప్పునీళ్ళు కళ్ళలో కొట్టాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. తెరచాప ఫటఫటమని కొట్టుకుంటోంది. ఆవిడ వెన్ను నాకు కనిపిస్తోంది, ఆ అడ్డకర్ర ఆవిడ తలకి జానెడు దూరంలో ఊగుతోంది. దేవుణ్ణి తలుచుకున్నానా అంటే లేదు. తీరిక లేదు. ఒకసారి ఎడమ చెవిలో గాలి తగ్గింది. నెట్టాను. వచ్చింది.

ఆవిడ తిరిగి పాక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. కర్ర అందుకోలేదు. జేబులోంచి బిస్కట్టు తీసి విరిచి సగం నా నోట్లో పెట్టి, "బ్లఫ్" అని ముందుకి చూపించింది. మిగిలిన దారి, రేవులోకి దూరే మొగ దాకా నేనే నడిపాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. అల్లం తీసుకెళ్ళండి. కక్కొస్తే కిందికి పోకండి. తెలియకపోతే చెయ్యి ఎత్తండి. సముద్రం మధ్యన ఏముంటుందని నా జీవితమంతా మగాళ్ళని అడిగాను, ఏముంటుంది, నీళ్ళు, అనేవాళ్ళు. అబద్ధం. ఎటు చూసినా ఒడ్డు లేని చోట మనిషికి వీపు నిటారుగా అవుతుంది. వాళ్ళు ప్రతి రోజూ ఇంటికి తెచ్చిన ఆ నడక ఎక్కడిదో నాకు ఇప్పుడు తెలిసింది. మాకు పెట్టకుండా వాళ్ళే తిన్నారు.

ఒంటిగంట దాటాక బ్లఫ్‌లో తాళ్ళు కడుతుంటే నా ఫోను మోగింది. రెండోసారి, మూడోసారి. ముడి పూర్తిచేసి తీశాను. మా మరిది అప్పలరాజు. అక్కడ తెల్లవారి ఆరు.

"ఒదినా, పడవెక్కినావటగదా. గ్రూపులో పోటో సూసినాం" అన్నాడు.

"ఎక్కినాను. దిగినాను కూడా, ఇప్పుడే."

"మూడు దినాల నుంచి మా వలకి ఏటీ పడనేదు. పేటలో అంతా నీ పేరే సెప్తన్నారు."

నేను ఎక్కింది న్యూజిలాండ్ పడవ. ఖాళీ అయింది మా పేట వల. మధ్యలో ఎన్ని సముద్రాలున్నాయో జ్యోతిని అడగాలి.

"నా కాలు అంత పొడుగేట్రా?" అన్నాను.

వాడు నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నాడని మాత్రం ఊపిరిలో తెలిసింది. వాడిని ఎత్తుకుని పెంచినదాన్ని.

"ఇక్కడ నా పక్కన ఒక మొగోడు కూడా ఎక్కినాడురా. మొదటి రేవులోనే దిగిపోనాడు. గంగమ్మ ఆడిని మొగోడని వగ్గనేదు, నన్ను ఆడదాన్నని ముంచనేదు. ఇద్దరిసేతా కక్కించింది. మీ వలలో సేప నేకపోతే వల సూసుకోండి."

 వాడు గొంతు తగ్గించి అన్నాడు, "పోనీలే ఒదినా. అయిపోనాది. గ్రూపులోంచి ఆ పోటో తీయించీ. ఇంకెవరికీ సెప్పకు."

జ్యోతి కారు రేవు గేటు దాటి వస్తోంది. మార్గరెట్ నా సంచి వార్ఫ్ మీద పెట్టి చెయ్యి అందించింది. అక్కర్లేదని నేనే దిగాను.

"సెప్పనురా" అన్నాను. "రాస్తాను."